చలికి మిస్సింగ్ కొట్టే పాత బండి: ఇంజిన్ వేడెక్కకముందే లోపం పట్టుకోవడం ఎలా

రాత్రంతా చలిలో నిలబడిన పాత పెట్రోల్ బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది గానీ వణుకుతుంది. స్లో స్పీడ్ నిలవదు. ఎక్సలరేటర్ తొక్కితే జెర్కులు వస్తాయి, సైలెన్సర్‌లోంచి టపటపమని తేడా శబ్దం వినిపిస్తుంది. నాలుగైదు నిమిషాలు గడిచేసరికి అంతా సర్దుకుంటుంది. మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి అతనికి ఏ లోపమూ కనబడదు. ఇక ఊహ మీద మార్చడం మొదలవుతుంది: ముందు ప్లగ్గులు, తర్వాత వైర్లు, ఆ తర్వాత కాయిల్ (ప్లగ్గులకి ఎక్కువ ఓల్టేజీ ఇచ్చేది).

ఇలా ఊహ మీద సామాన్లు మార్చడం నాకు అస్సలు నచ్చదు. చలి మిస్సింగ్ (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా పోవడం) కనిపెట్టడంలో అసలు ఇబ్బంది సమయంతోనే. లోపం బయటపడేది బాగా చల్లారిన ఇంజిన్‌లో, అదీ మొదటి కొన్ని నిమిషాలు. ఒకసారి స్టార్ట్ చేస్తే ఆ అవకాశం మళ్ళీ మర్నాడు పొద్దునే. అందుకే ఏ పరీక్ష స్టార్ట్ చేయకముందు చేయాలి, ఏది మొదటి నిమిషంలో, ఏది ఆపాక అన్నది ముందే వరస పెట్టుకోవాలి. కింద చెప్పేదంతా ఆ వరస ప్రకారమే ఉంటుంది.

చలిలో ఏం మారుతుంది

పెట్రోల్ ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లోపలికి వెళ్ళిన పెట్రోల్‌లో కొంత భాగం మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి తెచ్చే గొట్టాలు) గోడలకీ, వాల్వుల వెనకా తడిగా అంటుకుని ఉండిపోతుంది. సిలిండర్‌లోకి నిజంగా ఆవిరిగా చేరేది తక్కువ. వేడెక్కిన ఇంజిన్‌కి ఒక వంతు పెట్రోల్‌కి సుమారు 14.7 వంతుల గాలి, బరువు లెక్కన, సరిపోతుంది. చల్లటి ఇంజిన్‌కి అంతకంటే చాలా ఎక్కువ పెట్రోల్ పోయాలి. కార్బొరేటర్ బండిలో ఆ పని చోక్‌ది (గాలిని అడ్డుకునే రేకు). ఇంజెక్షన్ బండిలో కంట్రోల్ యూనిట్‌ది (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్). ఆ అదనపు పెట్రోల్ అందకపోతే మిశ్రమం పల్చబడి మండదు. అవసరానికి మించి పడితే ప్లగ్గులు తడిసిపోయి స్పార్క్ చచ్చిపోతుంది. రెండింటికీ పైకి కనిపించేది ఒకటే, మిస్సింగ్.

మరోపక్క బ్యాటరీ బలం చలికి తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరుగుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఓల్టేజీ పడిపోతే కాయిల్‌కి అందేది తగ్గి స్పార్క్ బలహీనపడుతుంది. రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు బిగుసుకుపోయి సందులు తెరుచుకుంటాయి, వేడెక్కాక మళ్ళీ మూసుకుంటాయి. రాత్రి మంచు తేమ డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకి వరసగా కరెంటు పంచేది) మూతలో చేరుతుంది. లోహం కుంచించుకుపోవడం వల్ల హెడ్ గ్యాస్కెట్‌లో (ఇంజిన్ బ్లాకుకీ సిలిండర్ హెడ్‌కీ మధ్య ఉండే పొర), సిలిండర్ హెడ్ పగుళ్ళలో చల్లగా ఉన్నప్పుడే కారే లీకులు ఉండొచ్చు.

ఇంజెక్షన్ బండ్లలో ఇంకొక సంగతి ఉంది. ఆక్సిజన్ సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ పనిచేయదు. అంతవరకూ కంట్రోల్ యూనిట్ ఆ సెన్సర్‌ని నమ్మదు, లెక్క కట్టుకున్న పెట్రోల్‌నే పోస్తుంది. గాలి ఎక్కడో దొంగతనంగా చొరబడుతుంటే ఆ కాసేపు సరిదిద్దే దిక్కు ఉండదు. సెన్సర్ పనిలో దిగాక పెట్రోల్ పెంచి లోపాన్ని కప్పేస్తుంది. వేడెక్కగానే మిస్సింగ్ పోయిందంటే లోపం పోయినట్టు కాదు, చాలాసార్లు దాన్ని కంట్రోల్ యూనిట్ కప్పిపెట్టినట్టు.

ముందు రోజు సాయంత్రం

సామాన్లు సిద్ధం చేసుకోండి. మల్టీమీటర్, ప్లగ్ పానా, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడిని కొలిచేది), ప్లగ్ వైరు కొసకి తగిలించే స్పార్క్ టెస్టర్, నీళ్ళు నింపిన స్ప్రే సీసా, హెయిర్ డ్రైయర్. ఇంజెక్షన్ బండి అయితే కంట్రోల్ యూనిట్ దాచుకున్న లోపాల కోడ్లు చదివే స్కానర్. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి దొరికితే సగం పని తేలిక. నోట్‌బుక్ తప్పనిసరి, ఎందుకంటే పొద్దున చలిలో చూసింది మధ్యాహ్నానికి కచ్చితంగా గుర్తుండదు.

బండిని ఆరుబయట, గాలి తగిలే చోట పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, మనిషిని చంపేస్తుంది. చల్లటి ఇంజిన్ గొప్ప మిశ్రమంతో (పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ) నడిచేటప్పుడు ఆ గ్యాస్ మరీ ఎక్కువగా వస్తుంది.

ఆ సాయంత్రమే గుర్తు తెచ్చుకుని రాయాల్సింది ఒకటుంది: మిస్సింగ్ సరిగ్గా ఎప్పుడొస్తోంది? దీని మీద కాస్త ఓపిగ్గా ఆలోచిస్తే సగం దారి తేలిపోతుంది.

స్టార్ట్ అయిన మొదటి క్షణం నుంచే వణికి, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంటే ఒకే సిలిండర్‌లో రాత్రిపూట చేరిన ద్రవమో, చల్లగా అతుక్కునే వాల్వో, తడిసిన ప్లగ్గో అనుమానించాలి. ఐదారు నిమిషాలు, అంటే ఇంజిన్ సగం వేడెక్కేదాకా, సాగుతుంటే మిశ్రమం మీద దృష్టి పెట్టాలి. మామూలు చలిలో బాగుండి, మంచు కురిసిన పొద్దున్నో వాన పడ్డ రాత్రి తర్వాతో మాత్రమే వస్తుంటే అది తేమ పని, అంటే కరెంటు ఎటో కారిపోతోంది. స్టార్ట్ బాగానే అయి, కొంత దూరం పోయాక మొరాయించి, పక్కన ఆపి కాసేపు ఆగితే మళ్ళీ బాగుంటోందా? కార్బొరేటర్‌లో మంచు కడుతున్నట్టు. నిలబడి ఉన్నప్పుడు బాగుండి, భారం పడ్డప్పుడే కొడుతోందంటే స్పార్క్ బలహీనం. స్లో స్పీడ్‌లో మాత్రమే కొట్టి, రేజ్ చేస్తే సర్దుకుంటోందంటే గాలి లీకు లేదా ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ.

స్టార్ట్ చేయకముందే చూడాల్సినవి

పొద్దున బోనెట్ తెరవగానే తాళం తిప్పొద్దు. ముందు ఈ నాలుగు చూడండి.

కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మట్టం. పూర్తిగా చల్లారిన ఇంజిన్‌కి మాత్రమే రేడియేటర్ మూత తీయాలి. బయటికి ఎక్కడా చుక్క కారకుండానే మట్టం తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానితుల జాబితాలో పైకి వస్తుంది. రాత్రంతా చల్లారిన తర్వాత కూడా మూత తీస్తుంటే బుస్సుమని ఒత్తిడి వస్తే, సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి చొరబడుతోందేమో అనుకోవాలి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి పాలరంగు జిడ్డు ఉందేమో చూడండి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి నురగ ఉంటే బెంగపడక్కర్లేదు. చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే బండికి తేమ చేరి అలా వస్తుంది.

బ్యాటరీ. విశ్రాంతిలో 12.6 ఓల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సుమారు సగం. తర్వాత స్టార్ట్ చేయడానికి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకి పడుతోందో ఎవరినైనా మీటర్ చూస్తూ ఉండమనండి. 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీ, దాని తీగల కొసలు, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ తీగ సరిచేసి తర్వాతే మిగతా సంగతి చూడాలి. బలహీనమైన ఓల్టేజీతో చేసిన ఏ పరీక్షా నమ్మదగ్గది కాదు.

సెన్సర్ లెక్క. స్కానర్ పెట్టగలిగిన బండి అయితే స్విచ్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోందో చదవండి. రాత్రంతా నిలబడిన బండిలో కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, బయటి వాతావరణం దాదాపు ఒకేలా ఉండాలి. బయట 8 డిగ్రీలుంటే సెన్సర్ 40 అని చెబుతోందనుకోండి, కంట్రోల్ యూనిట్ ఇంజిన్ అప్పటికే గోరువెచ్చగా ఉందనుకుని చలికి కావాల్సిన పెట్రోల్ పోయదు. ఇదొక్కటే మిస్సింగ్ తెప్పించడానికి చాలు. ఈ లోపానికి చాలాసార్లు ఇంజిన్ దీపం కూడా వెలగదు, ఎందుకంటే 40 డిగ్రీలు అసాధ్యమైన అంకె కాదు. ఇంత సులువుగా తేలే పరీక్షని ఎక్కువ మంది వదిలేస్తారు, అది నాకు ఎప్పటికీ బాధే.

స్కానర్ పట్టని పాత ఇంజెక్షన్ బండిలో సెన్సర్ కనెక్టర్ ఊడదీసి రెండు కాళ్ళ మధ్య ఓములు కొలవండి. చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ, వేడిగా ఉంటే తక్కువ. చాలా బాష్ తరహా సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు, 0 దగ్గర సుమారు 5,900, 80 దగ్గర 320 చిల్లర ఉంటుంది. మీ బండి అంకెలు వేరైతే ఆ బండి మాన్యువల్ మాటే వినండి. కనెక్టర్ కాళ్ళకి పచ్చ తుప్పు పడితే సెన్సర్ మంచిదైనా అంకె తప్పు వస్తుంది.

కళ్ళతో చూడటం. ఎండి చిట్లిన వాక్యూమ్ గొట్టాలు, ఊడిపోయిన కొసలు, ప్లగ్ వైర్ల మీద గీతలు. ఎయిర్ క్లీనర్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) దగ్గర్నుంచి వేడిగాలి తెచ్చే లావు గొట్టం పాత బండ్లలో ఉంటుంది. అది ఊడిపోయి ఉండటం, లేదా ఎవరో తీసేసి ఉండటం చాలా మామూలు.

మొదటి నిమిషం: ఏ సిలిండర్?

ఇప్పుడు స్టార్ట్ చేయండి. ఈ నిమిషంలో తేల్చుకోవాల్సింది ఒకటే: కొట్టేది ఒకే సిలిండరా, అన్నీ కలిసా? తర్వాత నడవాల్సిన దారి దీన్ని బట్టే ఉంటుంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే స్టార్ట్ అయిన అర నిమిషం నుంచి నిమిషం లోపల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ గొట్టం మొదట్లో వేడి కొలవండి. మండే సిలిండర్ల గొట్టాలు చకచకా వేడెక్కుతాయి. మండనిది వెనకబడిపోతుంది, తేడా పదుల డిగ్రీల్లో ఉంటుంది. ఆలస్యమైతే వేడి ఒకదాన్నుంచి ఒకదానికి పాకి తేడా చెరిగిపోతుంది, కాబట్టి ఏ చోట కొలవాలో ముందే సుద్దతో గుర్తు పెట్టుకోండి.

అది లేకపోతే ఇంజెక్షన్ బండిలో ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీసి పెట్టండి. మండే సిలిండర్ కనెక్టర్ తీస్తే ఇంజిన్ ఇంకా కుంటుపడుతుంది. ఏది తీస్తే తేడా రాదో, దోషి ఆ సిలిండరే. కార్బొరేటర్ బండిలో ప్లగ్ వైర్లతో ఇదే పని చేస్తారు గానీ జాగ్రత్త: ఆ వైర్లలో ఇరవై వేల ఓల్టులు దాటి ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్‌లో చేత్తో లాగకండి. ఇంజిన్ ఆపి, ఒక వైరు తీసి దాని కొసకి స్పార్క్ టెస్టర్ తగిలించి ఎర్త్ చేసి, మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. వైరు గాల్లో వేలాడదీసి నడిపితే కాయిల్ లోపల ఇన్సులేషన్ దెబ్బతింటుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ పని దగ్గరికే రావద్దు.

కోడ్లు చదివే బండి అయితే పి0300 అంటే మిస్సింగ్ అక్కడక్కడా వస్తోందని అర్థం. పి0301 మొదటి సిలిండర్, పి0302 రెండోది, ఇలా వరసగా. పి0171 కూడా తోడుగా ఉంటే మిశ్రమం పల్చబడుతోందని, అంటే గాలి లీకో పెట్రోల్ కొరతో అని ఆలోచించాలి. ఇంజిన్ దీపం వెలుగుతూ ఆరుతూ మిణుకుమంటుంటే మాత్రం బండి నడపొద్దు. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కరిగించేస్తుంది.

మిస్సింగ్ ఉన్నప్పుడే ఇంజిన్ ఆపేయండి, వేడెక్కేదాకా ఆగొద్దు. అలా ఆపాక తీసిన ప్లగ్గులే నిజం చెబుతాయి.

ఒకే సిలిండర్ అయితే

ఆ సిలిండర్ ప్లగ్గు, దాని పక్క సిలిండర్ ప్లగ్గు రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజిన్‌లో ప్లగ్గులు చల్లగా ఉన్నప్పుడే తీయాలి, లేకపోతే మరలు పాడవుతాయి. ఈ పరీక్షకి అది ఎలాగూ కుదురుతుంది.

పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది గానీ స్పార్క్ లేదా కంప్రెషన్ లేదు. పొడిగా, పక్కదానికంటే తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌కి పెట్రోల్ తక్కువ: ఇంజెక్టర్ మూసుకుపోవడమో, ఆ పోర్ట్ దగ్గరే గాలి లీకో. మెత్తటి నల్లటి మసి అయితే మిశ్రమం గొప్పది, లేదా ప్లగ్గు తనని తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కడం లేదు. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి కాలిపోతుంది. రోజూ కిలోమీటరు రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆ వేడి రాదు. నల్లటి జిడ్డు తడి అంటే ఆయిల్, వాల్వు సీళ్ళ నుంచో రింగుల నుంచో. మిగతావన్నీ ముదురు రంగులో ఉండగా ఒక్కటే ఆవిరితో కడిగినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ పోతోంది.

గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలవండి. పాయింట్ల ఇగ్నిషన్ (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్‌తో స్పార్క్ ఇచ్చేది) ఉన్న పాత బండ్లలో సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు, ఎలక్ట్రానిక్ వాటిలో 1.1 దాకా ఉంటుంది. అరిగి గ్యాప్ పెరిగిన కొద్దీ స్పార్క్ దూకడానికి కావలసిన ఓల్టేజీ పెరుగుతుంది, చలిలో ఆ ఓల్టేజీ అందదు. పింగాణీ మీద సన్నటి నల్లగీత ఉంటే కరెంటు లోపల దూకకుండా బయటే కారిపోతోంది. ఆ ప్లగ్గు మార్చాల్సిందే.

ఆ తర్వాత అన్నిటికంటే మంచి పరీక్ష స్థానాలు మార్చడం. అనుమానం ఉన్న ప్లగ్గుని వేరే సిలిండర్‌లో పెట్టి మర్నాడు పొద్దున చూడండి. మిస్సింగ్ ప్లగ్గుతో పాటు వెళ్ళిందా, తీర్పు వచ్చినట్టే. వెళ్ళకపోతే మరుసటి రోజు వైరు, ఆ తర్వాత కాయిల్. ఒక పొద్దునకి ఒక మార్పే. తొందరపడి మూడూ ఒకేసారి మారిస్తే ఏది దోషో ఎప్పటికీ తెలియదు.

ప్లగ్గు, వైరు, కాయిల్ మంచివైతే కంప్రెషన్ చూడాలి. సాధారణంగా ఈ పరీక్షని వేడి ఇంజిన్ మీద చేయమంటారు. మన పనికి మాత్రం చల్లగానే చేయాలి, తర్వాత వేడిగా మళ్ళీ చేసి పోల్చాలి. ఇగ్నిషన్, పెట్రోల్ రెండూ ఆపేసి, అన్ని ప్లగ్గులూ తీసి, ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ప్రతి సిలిండర్‌కీ ఒకేలా ఐదారు చుట్లు సెల్ఫ్ తిప్పండి. చాలా పెట్రోల్ ఇంజిన్లలో 120 నుంచి 180 పిఎస్ఐ మధ్య వస్తుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మిగతావి 150 దగ్గరుండగా ఒకటి 100కి దిగితే లోపం అక్కడుంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. చల్లగా తక్కువ, వేడిగా మామూలు అని వస్తే వాల్వు కాడ మీద కార్బన్ జిగురు పేరుకుని చలిలో పూర్తిగా మూసుకోవడం లేదని గట్టిగా అనుమానించొచ్చు. టాపెట్ గ్యాప్ (వాల్వు పైన వదిలే సందు) కూడా చూడండి, బండి మాన్యువల్ చల్లగా కొలవమందా వేడిగానా అన్నది చదివి మరీ.

రాత్రి కారే కూలెంట్

దీని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే ఇంజిన్ పోతుంది. హెడ్ గ్యాస్కెట్‌లో సన్నటి లీకు ఉంటే, బండి ఆపాక వ్యవస్థలో మిగిలిన ఒత్తిడికి కూలెంట్ కొంచెం కొంచెంగా ఒక సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున ఆ సిలిండర్ తడి ప్లగ్గుతో కొడుతుంది, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తుంది, నిమిషంలో కూలెంట్ అంతా ఆవిరై పోయి బండి బాగైపోతుంది. చలిలో అన్ని బండ్లకీ తెల్ల ఆవిరి వస్తుంది, అది పర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా ఆగకుండా వస్తుంటేనే అనుమానం.

నిర్ధారణకి, సాయంత్రం కూలింగ్ వ్యవస్థకి ప్రెషర్ టెస్టర్ పెట్టి, రేడియేటర్ మూత మీద రాసిన ఒత్తిడి దాకా పంపు చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ ఆపేసి సెల్ఫ్ తిప్పితే లీకున్న సిలిండర్ నుంచి నీళ్ళు చిమ్ముతాయి. ప్లగ్ రంధ్రాలకి ఎదురుగా నిలబడకండి. కూలెంట్ ట్యాంకులో సిలిండర్ గ్యాస్ ఉందో లేదో రంగు మారి చెప్పే పరీక్ష ద్రవం కూడా దొరుకుతుంది.

ఎప్పుడైనా పొద్దున సెల్ఫ్ టక్కుమని మధ్యలో ఆగిపోతే మళ్ళీ మళ్ళీ కొట్టొద్దు. సిలిండర్ నిండా ద్రవం ఉంటే అది కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

అన్ని సిలిండర్లూ కొడుతుంటే

ఇప్పుడు ఉమ్మడిగా ఉండే సామాన్లు చూడాలి: కాయిల్, డిస్ట్రిబ్యూటర్, చోక్, పెట్రోల్ ఒత్తిడి, గాలి లీకు, ఉష్ణోగ్రత సెన్సర్. సెన్సర్ సంగతి స్టార్ట్ చేయకముందే తేలిపోయింది.

తేమ అనుమానం ఉంటే చీకట్లో బోనెట్ తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ మూత మీద సన్నగా నీళ్ళ తుంపర చల్లండి. కరెంటు కారే చోట నీలి మెరుపు కనబడుతుంది, మిస్సింగ్ వెంటనే మొదలవుతుంది. ఈ పరీక్ష వేడి ఇంజిన్‌తోనూ కుదురుతుంది, పొద్దునకోసం ఆగక్కర్లేదు. చేతులు ఫ్యాన్‌కీ వైర్లకీ దూరంగా ఉంచండి. తర్వాత మూత తీసి లోపల చూడండి: రెండు కాళ్ళ మధ్య పెన్సిల్ గీతలా నల్లటి దారి ఉంటే అది కరెంటు కాల్చుకున్న బాట, తుడిస్తే పోదు, మూత మార్చాలి. ప్లగ్ వైర్లు ఒక్కొక్కటీ ఓములు కొలిచి పోల్చండి. పొడవు వైరుకి ఎక్కువ రావడం సహజం. ఒకటి మాత్రం మిగతావాటికంటే ఎన్నో రెట్లు చూపిస్తే లోపల తెగింది.

హెయిర్ డ్రైయర్ ఇక్కడ పనికొస్తుంది. స్టార్ట్ చేయకముందు డిస్ట్రిబ్యూటర్ మూతని మాత్రమే వెచ్చగా ఆరబెట్టి స్టార్ట్ చేయండి. మిస్సింగ్ రాకపోతే దొంగ దొరికాడు. వస్తే, మర్నాడు ఇగ్నిషన్ మాడ్యూల్‌ని (కాయిల్‌కి కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ పెట్టె) మాత్రమే వెచ్చబెట్టండి. అతుకు చిట్లిన మాడ్యూల్ చలికి వదులై, వేడికి అతుక్కుంటుంది. ఈ ఒక్కొక్క భాగాన్నే వెచ్చబెట్టే పద్ధతి ఖరీదైన పరికరాలతో సమానమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. పెట్రోల్ వాసన ఉన్నప్పుడు మాత్రం డ్రైయర్ జోలికి పోవద్దు.

పాయింట్ల బండి అయితే పాయింట్ గ్యాప్ చాలావాటిలో 0.4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. పాయింట్లు గుంటలు పడి నల్లబడితే కండెన్సర్ కూడా పోయి ఉండొచ్చు, రెండూ కలిపి మార్చడం ఇక్కడ న్యాయమే.

కార్బొరేటర్, చోక్. ఎయిర్ క్లీనర్ మూత తీసి చల్లగా ఉన్నప్పుడు చోక్ రేకు మూసుకుందో లేదో చూడండి. ఆటోమేటిక్ చోక్ అయితే ఒకసారి ఎక్సలరేటర్ తొక్కి వదిలితే మూసుకోవాలి. స్టార్ట్ అయ్యాక వాక్యూమ్‌తో కొద్దిగా, కొన్ని మిల్లీమీటర్లు, తెరుచుకోవాలి. అలా తెరుచుకోకపోతే గొప్ప మిశ్రమంతో నల్లపొగ వేస్తూ కొడుతుంది. ఆ డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది. చేతి చోక్ అయితే తీగ లాగినంత మేరా రేకు నిజంగా తిరుగుతోందో కళ్ళతో చూడండి. ఒక పరీక్ష: మిస్సింగ్ కొడుతుండగా చోక్ కొంచెం మూయండి. బాగుపడితే మిశ్రమం పల్చగా ఉంది, ఇంకా చెడితే గొప్పగా ఉంది. ఇంత తేలిగ్గా ఇంత పెద్ద సమాధానం ఇచ్చే పరీక్ష మరొకటి లేదు.

కార్బొరేటర్ మంచు సంగతి చాలామంది నమ్మరు, ఎందుకంటే బయట గడ్డకట్టే చలి లేకపోయినా అది వస్తుంది. పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి లోపలి గాలి ఇరవై డిగ్రీల పైనే చల్లబడొచ్చు. బయట 5 నుంచి 10 డిగ్రీలు ఉండి, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న పొద్దుల్లో వెంచురీలో (కార్బొరేటర్ లోపలి ఇరుకు గొంతు) మంచు పేరుకుంటుంది. మొరాయించిన వెంటనే ఆపి ఎయిర్ క్లీనర్ మూత తీస్తే తెల్లగా కనబడుతుంది కూడా. ఇందాక చెప్పిన వేడిగాలి గొట్టం, దాని రేకు సరిచేస్తే చాలు.

ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ ఒత్తిడి గేజ్ పెట్టి, ఆపాక ఎంతసేపు నిలుస్తోందో చూడాలి. త్వరగా పడిపోతే ఏదో ఇంజెక్టర్ రాత్రి సిలిండర్‌లోకి కారుస్తుండొచ్చు, లేదా పంపు చెక్ వాల్వు పోయి ఉండొచ్చు. మరీ పాత వ్యవస్థల్లో చలి స్టార్టింగ్‌కి విడిగా ఒక ఇంజెక్టర్ ఉంటుంది. అది సెల్ఫ్ తిప్పేటప్పుడు కొన్ని సెకన్లే చిమ్మాలి. ఆగకుండా కారితే ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి.

గాలి లీకు వెతకడం కూడా చల్లగా ఉన్నప్పుడే. వాక్యూమ్ గొట్టాలు ఒక్కొక్కటీ నొక్కి పట్టుకోండి. ఒకటి నొక్కితే ఇంజిన్ నిలకడ పడిందంటే లీకు ఆ గొట్టం దారిలో ఉంది. మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచుల వెంబడి నీళ్ళ తుంపర కొడితే లీకున్న చోట ఇంజిన్ చప్పుడు మారుతుంది. ఇదే పనికి మండే స్ప్రేలు వాడేవాళ్ళున్నారు, పాత వైర్లున్న బండి మీద నేనైతే ఒప్పుకోను. బ్రేక్ బూస్టర్ గొట్టం మర్చిపోవద్దు, అన్నిటికంటే లావు లీకు అదే ఇస్తుంది.

ట్యాంకులో పెట్రోల్ ఎంత పాతదో కూడా ఆలోచించండి. త్వరగా ఆవిరయ్యే తేలిక భాగాలు నెలల తరబడి నిలవుంటే ఎగిరిపోతాయి. చలిలో మంట అంటుకోవడానికి కావలసినవి అవే. అడుగున నీరు చేరి ఉంటే ఫిల్టర్ పెట్రోల్‌ని గాజు సీసాలో పోసి కాసేపు ఉంచితే కింద వేరుగా కనబడుతుంది.

డీజిల్ బండి అయితే

స్పార్క్ లేదు కాబట్టి దారి చిన్నది. ముందు హీటర్ ప్లగ్గులు: తీగ తీసేసి ప్లగ్ కొసకీ ఇంజిన్‌కీ మధ్య ఓములు కొలిస్తే మంచిది ఒక ఓము అటూ ఇటూ చూపిస్తుంది, పోయినది అసలు కదలదు. ఒకటి పోతే ఆ సిలిండర్ పొద్దున తెల్లపొగతో కొడుతుంది. తర్వాత డీజిల్ పైపులో గాలి: కొంత భాగం పారదర్శకమైన పైపు పెట్టి చూస్తే బుడగలు కనబడతాయి. ఈ రెండూ బాగుంటే కంప్రెషన్, దానికి డీజిల్ గేజ్ వేరు. స్టార్ట్ అవడంలేదని ఈథర్ స్ప్రే మాత్రం హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో ఎప్పుడూ కొట్టకండి, మానిఫోల్డ్‌లోనే పేలుతుంది.

సరిచేశాక

బాగైందా లేదా అని సాయంత్రం వేడి ఇంజిన్‌తో నిర్ణయించొద్దు. కనీసం ఎనిమిది గంటలు నిలబెట్టి, ముందు మిస్సింగ్ వచ్చినంత చలి ఉన్న పొద్దున, అదే పద్ధతిలో స్టార్ట్ చేసి చూడండి. వాతావరణం వెచ్చబడి మిస్సింగ్ పోతే అది మన రిపేరు ఫలితం కాదు. కోడ్లు చెరిపేశాక మళ్ళీ వచ్చాయేమో వారం తర్వాత చదవండి. మిస్సింగ్ కొట్టిన రోజుల్లో మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి ఉంటుంది. డిప్‌స్టిక్ వాసన చూసి పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.